తెంపిన నీలం దారాలు

"గోరు తీసుకో అక్కా, గీరుకుంటున్నది."

"రేపు తీసుకుంటలే. నువ్వు పండుకో."

మీ అమ్మకూ నాకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే బిడ్డా. నాగర్‌కర్నూల్ దవాఖానలో, ఆడవాళ్ళ వార్డులో, కిటికీ పక్క మంచం మీద ఆమె పడుకుని ఉంది. నేను తడిగుడ్డతో ముఖం తుడుస్తుంటే నా బొటనవేలి గోరు ఆమె చెంపకు తగిలింది. నువ్వు మందుల చీటీ పట్టుకుని కిందికి పోయావు. తిరిగి వచ్చేసరికి ఆమె కళ్ళు మూసుకుని ఉంది. నిద్రపట్టిందనుకున్నాం. ఆ నిద్రలోంచి మళ్ళీ లేవలేదు.

నేను ఆ దవాఖానకు వేరే మాట చెప్పడానికి పోయాను. గద్వాలలో బస్సు ఎక్కినప్పుడు ఆ మాట నా నోట్లోనే ఉంది. వనపర్తిలో దిగి ఇంకో బస్సు ఎక్కినప్పుడు కూడా ఉంది. మంచం పక్కన కూర్చున్నాక గొంతు దాకా వచ్చింది. అప్పుడే ఆమె గోరు సంగతి ఎత్తింది, నేను రేపు అన్నాను. రేపు అనే మాట నా నోటికి ఎప్పుడూ తయారుగా ఉంటుంది.

నిన్న నువ్వు మీ అమ్మ ట్రంకు పెట్టె సర్దుతూ ఒక అగ్గిపెట్టె తెచ్చి నా ముందు పెట్టావు. అందులో వేలెడంత పొడుగు నీలం దారం ముక్కలు. "ఇవేంది పెద్దమ్మా, అమ్మ ఎందుకు దాచిపెట్టుకుంది?" అని అడిగావు. నాకు తెల్వదు అన్నాను. ఆ మాట ఇంతకు ముందు ఒకసారి పదిమంది ముందర అన్నాను. నిన్న నీ ముందర అన్నాను. అందుకే పొద్దున లేవగానే నోటుబుక్కు తెమ్మన్నాను.

నాకు చదువు రాదు. నా పేరులో మొదటి రెండు అక్షరాలు గీస్తాను, ఆ తర్వాత వేలిముద్రే. నేను మన ఊరి మాటలో చెబుతాను, నువ్వు టీచరు ట్రైనింగు చదువుతున్నదానివి, బడి భాషలోకి దిద్ది రాసుకుంటావు. మాట దిద్దు, సంగతి దిద్దకు. ఇది నీ తల్లి సంగతి. నడుమ చెయ్యి ఆగితే ఆగనీ, కోపం వస్తే రానీ, మళ్ళీ కలం పట్టుకుని రాయి.

మేమిద్దరం యారాళ్ళం, అన్నదమ్ముల పెండ్లాలం. నేను పెద్దదాన్ని. ధరూర్ దిక్కు ఊర్లో ఒకే వాకిలికి రెండు తలుపులు మావి. మీ నాయన బొంబాయిలో రోడ్ల పనికి పోతే పండుగకో చావుకో తప్ప వచ్చేవాడు కాదు. మీ పెద్దనాయన ఇంట్లోనే ఉన్నా దగ్గుతో సగం మనిషి. మా రెండిళ్ళూ సీడు పత్తి పని మీదనే బతికేవి.

ఆ పని తెలియనివాళ్ళు చదివినా అర్థం కావాలి కదా, చెబుతాను. విత్తనానికి వేసే పత్తిచేనులో ఆడ చాళ్ళు వేరు, మగ చాళ్ళు వేరు. పగటిపూట ఆడ చాళ్ళలో రేపు విచ్చుకునే మొగ్గను వెతికి, బొటనవేలి గోరుతో పైరేకు చీల్చి, లోపలి పుప్పొడినంతా ఒలిచి తీసేయాలి. మధ్యలో సన్నని పుల్లలాంటిది ఒక్కటే మిగలాలి. గోరు కొంచెం లోపలికి దిగితే మొగ్గ చచ్చిపోతుంది. తెల్లవారి మగ పువ్వు తెంపుకొచ్చి దాని పుప్పొడిని ఆ పుల్లకు రుద్ది, కాడకు దారం కట్టాలి. దారం ఉన్న కాయ విత్తనానికి పనికొస్తుంది. దారం లేనిది దానంతట అది పట్టిన కాయ అని లెక్క, తెంపి పారేయాలి. అందుకే మా ఆడవాళ్ళందరి బొటనవేలి గోరు పొడుగు. ఈ రుద్దుడంతా పొద్దు నెత్తికెక్కకముందే అయిపోవాలి. ఈ రోజు రుద్దని పువ్వు రేపటికి ఉండదు. పువ్వు ఎవరి కోసమూ ఆగదు.

చేన్లు పటేళ్ళవి. విత్తనాల కంపెనీకీ వాళ్ళకూ మధ్య గద్వాలలో ఒక ఆర్గనైజర్ ఉండేవాడు. రైతులంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఈ పుప్పొడి రుద్దే క్రాసింగు ఏ రోజు మొదలు, దారం ఏ రంగు, కూలోళ్ళు ఎప్పుడు రావాలి, అన్నీ సంఘం చెప్పినట్టే. ఆ సంఘమే ఇంకో కట్టడి పెట్టింది. ముట్టైన ఆడది సీడు చేన్లో అడుగు పెట్టొద్దు. ఆమె నీడ పడితే పువ్వు మాడుతుందని, కాయ పట్టదని నమ్మకం. మొదటి పువ్వు పూసిన రోజు చేను మూలన టెంకాయ కొట్టేవాళ్ళు. చెప్పులు గట్టు మీద విడిచి పోవాలి. దేవుడి గుడికి చూసినంత చూసేవాళ్ళు.

ఆ కట్టడిని నడిపించింది నేను. నేను మేస్త్రిని. ఊర్లోని ఆడవాళ్ళను పోగుచేసుకుని పొద్దున్నే చేనుకు తీసుకుపోయేదాన్ని. గట్టు మీద నిలబడి అందరినీ వరుసగా చూసి "ఎవరన్న బయట ఉన్నరా?" అని అడిగేదాన్ని. ఉన్నదాన్ని ఇంటికి పంపించేదాన్ని. కొందరు నిజం చెప్పేవాళ్ళు, కొందరు తల వంచుకునేవాళ్ళు. తల వంచుకున్నదాని ముఖం చూసి నేనే తేల్చేదాన్ని. మా వాడకట్టులో ఒక ఆమె ఉండేది, అబద్ధం నోట్లోంచి రాదు. ప్రతి నెలా నాలుగు రోజులు గట్టు దాకా వచ్చి, తనంతట తానే చెప్పి, మళ్ళీ అంత దూరం నడిచి ఇంటికి పోయేది. ఒకసారి వానలో తిరిగి పోతుంటే చూసి నేను నవ్వాను కూడా. "రాకముందే యాదికి రాదా ఏంది?" అన్నాను.

ఇంటికి పంపించిన ఆమె చోట మనిషి కావాలి కదా. పువ్వు ఆగదు. "నీ బిడ్డను తోలు" అని పటేల్ అనేవాడు. అట్లా తల్లి చోట బిడ్డ వచ్చేది. పదేండ్ల పిల్ల, పదకొండేండ్ల పిల్ల. వాళ్ళకు ముట్టు లేదు, చేతులు సన్నం, మొగ్గ నలగదు. మెల్లమెల్లగా పటేళ్ళకు అదే నచ్చింది. తల్లులకంటే పిల్లలే నయం అన్నారు. నాలుగు రోజులకని వచ్చిన పిల్ల నాలుగు నెలలు ఉండిపోయేది.

మరి నా సంగతి ఏందని అడగవేం బిడ్డా? అడిగేదాన్ని అడిగేవాళ్ళెవరు? నేను ప్రతి నెలా అన్ని రోజులూ చేన్లోకి పోయాను. పాత చీర గుడ్డ మడిచి కట్టుకుని, గట్టు మీద నిలబడి వేరేవాళ్ళను ఇంటికి పంపించి, అదే కాలితో లోపలికి దిగాను. మీ అమ్మకు అది తెలుసు. ఒకే వాకిలి, ఒకే బట్టల తీగ. ఆమెను కూడా నేను ఆపేదాన్ని కాదు, అది మా ఇంట్లో మాట. కానీ మీ అమ్మకు భయం ఎక్కువ, రెండు రోజులైనా ఇంట్లో ఉండేది. ఆ రెండు రోజులకూ నువ్వు వచ్చేదానివి. ఒక ఏడాది వానలకు పటేల్ "పిల్లనే ఉంచు, మంచిగ చేస్తున్నది" అన్నాడు. నీకప్పుడు పదకొండు. బడిలో సారు రిజిస్టరులోంచి నీ పేరు కొట్టేశాడు.

మీ అమ్మ ఆ రోజు బడి దాకా పోయి, గుమ్మం నుంచే తిరిగి వచ్చింది. నీ నీలం బడి లంగా తీగ మీద ఆరుతూ ఉంది. దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుని అంచు నుంచి దారాలు పీకడం మొదలుపెట్టింది. నాకు ఒళ్ళు మండింది. మంచి బట్ట అట్లా పాడుచేస్తావేందని తిట్టాను.

"వినక్కా," అన్నది. "సంఘమోళ్ళు ఎర్రదారం ఇస్తున్నరు. మనం బయటున్న రోజుల్ల కట్టిన పువ్వుకు ఈ నీలం దారం కడదాం. నువ్వు నీ చాల్ల, నేను నా చాల్ల. కాయలు పట్టినంక సంఘం ముందర పెడదాం. ఎర్ర దారం కాయ, నీలం దారం కాయ పక్కపక్కన పెట్టి చూసుకోమందాం. కండ్లతోటి చూసినంక ఏమంటరు?"

"కాయ పట్టకపోతే?"

"పట్టకపోతే మనమే నోరు మూసుకుని ఇంట్ల కూసుందాం. పడితే నా బిడ్డ బడికి పోతది. నేను నెలంతా పనికొస్త, ఇంక పిల్లతో వాళ్ళకేం పని?"

ఆమె ఆలోచన విని నేను నవ్వాను, నిజంగా సంతోషంతోనే నవ్వాను. ఇంతమంది మొగోళ్ళను లంగా దారంతో కట్టేస్తావా అన్నాను. ఒప్పుకున్నాను. ఇద్దరు చెబితేనే సంఘం నమ్ముతుందని, ఒకరు చెబితే పిచ్చిది అంటారని ఆమె అంటే, అవును, నేను మేస్త్రిని, నా మాట కాదనరని ధీమాగా చెప్పాను. ఈ మాట నేనే అన్నాను బిడ్డా, ఎవరూ అనిపించలేదు. రాసినావా?

ఆ సీజను అంతా ఇద్దరం నీలం దారం కట్టాం. ఎవరైనా అడిగితే ఎర్ర దారం అయిపోయిందనేవాళ్ళం. నువ్వు కూడా ఒకసారి అడిగావు, నా లంగా ఏదని. చినిగిపోయిందని మీ అమ్మ చెప్పింది. ఆ కట్టడిని నమ్మిందో లేదో గానీ ఆమె మొదటి నీలం దారం కట్టే ముందు చెంపలు వేసుకుంది. నేను వేసుకోలేదు. నాకు అలవాటే కదా.

కాయలు పట్టాయి. నిమ్మకాయ అంత అయ్యాయి. ఎర్ర దారానికీ నీలం దారానికీ తేడా లేదు. మీ అమ్మ పగటిపూట అందరూ సద్ది తింటుంటే చాళ్ళలో తిరిగి కాయలు వేళ్ళతో తడిమి చూసి వచ్చి నా పక్కన కూర్చునేది. మోచేత్తో నన్ను పొడిచేది.

పత్తి ఏరుడు మొదలయ్యే ముందు సంఘం కూర్చుంటుంది, దారం లేని కాయలు తెంపే పని ఎప్పుడు పెట్టుకోవాలో చెప్పడానికి. ఆ రోజే చెబుదామని ఇద్దరం అనుకున్నాం. తలా ఒక కొమ్మ కోసుకుని పోవాలి, రెండు రంగుల దారాలు ఉన్న కొమ్మ.

దానికి ముందు రోజు పొద్దున నేను మీ పెద్దనాయనకు సంగతి చెప్పాను. ఆయన దగ్గుతూ విన్నాడు. కోప్పడలేదు. "అడిగేదానివి నువ్వే, దొంగవు నువ్వే అంటరు," అన్నాడు. అంతే అన్నాడు.

ఆ మాట ఇనుప మేకులాగా దిగింది. నేను ఇంటికి పంపించిన ఆడవాళ్ళందరూ ఒక్కొక్కరు కళ్ళ ముందుకు వచ్చారు. వానలో తిరిగి పోయిన ఆమె వచ్చింది. వాళ్ళంతా నా ఇంటి ముందర నిలబడి, నా చోట నా బిడ్డ పనికిపోతే నువ్వు మాత్రం అదే గుడ్డ కట్టుకుని లోపల ఉన్నావా అని అడిగితే నేను ఏం చెప్పాలి? పటేళ్ళు కోప్పడితే ఓర్చుకుంటాను. ఈ ఆడవాళ్ళు ఉమ్మేస్తే ఎట్లా ఓర్చుకోను? మేస్త్రితనం పోతుంది, నాతో నీళ్ళకు కూడా ఎవరూ రారు. నా భయం పటేళ్ళంటే కాదు బిడ్డా. అది నీకు తెలియాలి.

అదే రోజు పగటిపూట, అందరూ తినడానికి పోయినప్పుడు, నేను నా చాళ్ళలోకి పోయాను. నీలం దారాలు ఒక్కొక్కటే తెంపాను. కాయ పెరిగి కాడ లావెక్కింది, దారం అందులోకి కోసుకుపోయి ఉంది. చేత్తో లాగితే రాదు. బొటనవేలి గోరు కిందికి దూర్చి తెంపాలి. ఒక చాలు చివరి నుంచి ఇంకో చాలు చివరి దాకా తెంపుకుంటూ పోయాను. ఆ ముక్కలు పిడికిట్లో పట్టుకుని ముళ్ళకంచె కింద పారేశాను. ఇంటికి వచ్చాక మీ అమ్మ రేపటి కోసం తల దువ్వుకుంటూ కనబడింది. నేను ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు అగ్గిపెట్టె వైపు చూస్తున్నావు. అవును, అవే.

తెల్లవారి ఆమె నాకంటే ముందే చేనుకు పోయింది, నా కొమ్మ కూడా తానే కోసుకొస్తానని. ఆర్గనైజర్ గోదాము ముందర సంఘం కూర్చుంది. పటేళ్ళు మంచాల మీద, మేము కింద. కంపెనీ నుంచి వచ్చే ఫీల్డ్ సారు ఒక కుర్చీలో. మీ అమ్మ వచ్చింది. ఆమె చేతిలో ఒకటే కొమ్మ ఉంది. నా వైపు చూడలేదు. అప్పుడే నాకు తెలిసిపోయింది, ఆమె నా చాళ్ళు చూసింది. నీలం దారం లేని నా చాళ్ళు చూసి కూడా ఆమె వెనక్కి పోలేదు. ఇద్దరుంటేనే నమ్ముతారన్నది ఆమే కదా. ఒక్కతే లేచి నిలబడింది.

చెప్పింది. కొమ్మ ముందర పెట్టి, ఇది ఎర్ర దారం, ఇది నీలం, ఈ నీలం కట్టిన రోజులు నేను బయటున్నాను, మీరే చూసుకోండి అని చెప్పింది. ఆడదాని నోట ఆ మాట మొగోళ్ళ ముందర ఎన్నడూ వినలేదు వాళ్ళు. మేము పనిచేసే చేను ఆసామి పెద్దపటేల్ అందరికంటే ముందుగా తేరుకున్నాడు.

"అంటే సీజనంత మా చేను మైల చేసినవ్."

"మైల చేస్తే కాయ ఎట్ల పట్టె పటేలా?"

"నోరు బాగ లేచింది. నీతోని ఇంకెవరున్నరు?"

"నేనొక్కదాన్నే."

ఆ మాటతో నేను బయటపడ్డాను. ఊరుకుంటే చాలు. కానీ పెద్దపటేల్ నా వైపు తిరిగాడు. "మేస్త్రమ్మా, గట్టు మీద నిలబడి అడిగేది నువ్వు. నీ యారాలు. నీకు ఎర్కలేకుండనే అయిందా ఇదంత?"

నేను లేచాను. చేతులు కట్టుకున్నాను. అన్నాను కదా, ఆ మాట.

"నాకు తెల్వదు పటేలా. తెలిస్తే చేన్ల అడుగు పెట్టనిస్తునా?"

అక్కడితో ఆగినా సరిపోయేది. ఆగలేదు. ఈమెకు మొదటి నుంచీ బుద్ధి తక్కువ, మొగుడు ఇంట్ల లేని ఆడది, చెప్పేవాళ్ళు లేరు అని కూడా అన్నాను. వెనక నుంచి ఎవరో ఆడవాళ్ళు నవ్వారు. మీ అమ్మ కొమ్మ తీసుకుని పైట కింద పెట్టుకుని పోబోయింది. ఆ ఫీల్డ్ సారు మాత్రం ఆమెను ఆపి, ఆ కొమ్మ అడిగి తీసుకుని, కాయలను తిప్పితిప్పి చూశాడు. "కాయ మంచిగనే ఉంది," అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. ఎవరూ వినిపించుకోలేదు.

సంఘం ఏం చెప్పిందో తెలుసు కదా. తల్లి ఏ సీడు చేన్లోనూ అడుగు పెట్టొద్దు. పిల్లను ఉంచండి, పిల్ల తప్పేం లేదు. నిన్ను బడికి పంపడానికి నిలబడితే, ఆమెను ఇంట్లో కూర్చోబెట్టి నిన్ను చేన్లో నిలబెట్టారు. నా ముఠాలో, నా పక్క చాల్లో.

దారం లేని కాయలు తెంపే పని వచ్చింది. నా చాళ్ళలో ఎన్నెన్ని కాయలకు దారం లేదో నాకు తెలుసు. నిండు కాయలు. తెంపి పారేస్తూ పోయాను. నువ్వు పక్క చాల్లోంచి అడిగావు.

"పెద్దమ్మా, మంచి కాయ ఎందుకు తెంపుతున్నవ్?"

"దారం లేదు."

"నువ్వు కట్టలేదా?"

ఆ రోజు సద్ది తినేటప్పుడు నీకు బెల్లంముక్క పెట్టాను. ఆ చలికాలమంతా రోజూ పెట్టాను. పెద్దమ్మ ఎంత ప్రేమగా చూసుకుందో అని నువ్వు ఇప్పటికీ నలుగురికి చెబుతుంటావు. ఆ బెల్లం దేనికి పెట్టానో ఇప్పుడు తెలిసింది కదా, ఇంక చెప్పకు.

మీ అమ్మ మా వాకిట్లో నాతో మాట్లాడటం మానలేదు. మానితే నాకు సుఖంగా ఉండేది. నిప్పు అడిగేది, ఉప్పు ఇచ్చేది. నీలం దారం మాట మాత్రం ఎత్తలేదు. ఎండాకాలం వచ్చింది. ఆమె సీడు పని లేక పల్లికాయ తెంపడానికి, వరికోతలకు వేరే ఊర్లకు పోయేది. ఆ పనుల్లో కలిసిన ఆడవాళ్ళతో, మన వాడకట్టు ఆడవాళ్ళతో, నేను గట్టు మీద నుంచి తిప్పి పంపినవాళ్ళతో ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడిందని తర్వాత తెలిసింది. వాళ్ళలో సగం మంది నాలాగే దాచి చేన్లోకి దిగినవాళ్ళేనట. ప్రతి ఒక్కతీ తానొక్కతే పాపం చేస్తున్నాననుకుని ఉండింది. నా గురించి ఆమె ఏ ఒక్కరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఎవరో ఒకరు నా ముఖాన అనేవాళ్ళు.

తర్వాతి సీజను, క్రాసింగు మంచి జోరులో ఉంది. ముందు రోజు ఒలిచిన మొగ్గలు చేను నిండా ఉన్నాయి, పొద్దునకు పుప్పొడి రుద్దకపోతే అన్నీ పోతాయి. నేను గట్టు మీద నిలబడ్డాను. అందరూ వచ్చారు. వరుస చివర మీ అమ్మ నిలబడి ఉంది. ఏడాదిగా గట్టు తొక్కని మనిషి. పెద్దపటేల్ కొడుకు చూసి ఏమో అనబోయాడు. అంతలో నేను నా అలవాటు ప్రకారం అడిగేశాను, ఎవరన్న బయట ఉన్నరా అని.

"నేను బయటున్న," అన్నది వానలో పోయిన ఆమె. ఎప్పుడూ నిజమే చెప్పే మనిషి. కానీ ఈసారి ఇంటికి తిరగలేదు. అక్కడే నిలబడింది.

"నేను గూడ," అన్నది పక్కామె. "నేను గూడ." "నేను." ఆ మాట వరుస చివరి దాకా పోయింది. పండ్లూడిన ముసలామె ఒకతె ఉండేది, మనవళ్ళను ఎత్తిన మనిషి, ఆమె కూడా కర్ర నేలకు కొట్టి నేను బయటున్న అన్నది.

"నీకెక్కడిదే ముసలీ?" అన్నాడు పెద్దపటేల్ కొడుకు.

"పోయిందనుకున్న. ఇయ్యాల మల్ల వచ్చింది పటేలా."

వరుసంతా పైట నోటికి అడ్డం పెట్టుకుంది. మీ అమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మాట్లాడే అవసరం లేకుండా చేసి పెట్టింది. పొద్దు ఎక్కుతున్నది. పటేల్ కొడుకు చేను వైపు చూస్తాడు, మా వైపు చూస్తాడు. మోటరుసైకిలు మీద తండ్రిని పిలుచుకొచ్చాడు. ఆయన వెనకనే ఆర్గనైజర్, ఆ ఫీల్డ్ సారు. చిన్నపిల్లలను పెడితే కంపెనీ ఊరుకోవడం లేదని, పెద్ద ఆడవాళ్ళే కావాలని, పోయిన ఏడాది ఆ కొమ్మ కాయలు తాను చూశానని ఆ సారు మెల్లగా నచ్చజెప్పాడు. పెద్దపటేల్ చాలాసేపు మీసం లాగుకున్నాడు. ఆఖరుకు నన్ను అడిగాడు.

"నువ్వేమంటవ్ మేస్త్రమ్మా?"

అందరూ నన్నే చూశారు. నేను కూడా బయటున్నాను పటేలా, ఇన్నేండ్లూ ఉన్నాను అని చెప్పడానికి అంతకంటే సులువైన రోజు దేవుడు ఇవ్వడు. నా పక్కన నలభై మంది అదే మాట అని ఉన్నారు. ఎవరు ఉమ్మేస్తారు? ఎవరూ ఉమ్మరు. అయినా నా నోటికి వచ్చింది వేరు.

"మీ ఇష్టం పటేలా," అన్నాను.

"ఇంక అడుగుడు బంద్ చెయ్యి. పోండ్రి, పువ్వు పోతున్నది," అన్నాడు. అట్లా పోయింది ఆ కట్టడి. నెల తిరక్కముందే మిగతా ఊర్ల చేన్లలో కూడా అడగడం మానేశారు. మీ అమ్మ మళ్ళీ పనికి వచ్చింది, నువ్వు బడికి పోయావు. పోయిన ఏడాది చదువు మళ్ళీ అదే తరగతిలో చదివావు. ఆ తర్వాత వనపర్తి హాస్టలు. నీ చదువులో ఒక ఏడాది ఎక్కువైందని నీ సర్టిఫికెట్టు చూసినవాళ్ళు అడిగితే జ్వరం వచ్చిందని చెబుతావట. జ్వరం కాదు బిడ్డా. నేను.

ఇంకొకటి ఉంది, అది కూడా రాయి. కొన్నాళ్ళకు ఆడపిల్లల చదువు చూసే సంస్థవాళ్ళు గద్వాల నుంచి వచ్చి బడి దగ్గర మీటింగు పెట్టారు. సంఘంతో మాట్లాడి ఈ కట్టడి తీయించింది ఎవరు అని అడిగారు. పెద్దపటేల్ నన్ను చూపించాడు. మేస్త్రమ్మ మాట వినే మార్చినం అన్నాడు. ఆయనకు అట్లా చెప్పుకోవడమే మర్యాదగా ఉంది, ఇంకొకామె పేరు చెప్తే ఓడిపోయినట్టు. నా భుజాల మీద శాలువా కప్పారు. మైకు నోటి దగ్గర పెట్టారు. అందరం కలిసి చేసినం అన్నాను. అందరం అనే మాట చాటున దాక్కున్నాను. మీ అమ్మ ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఎక్కిరింపుకు కాదు, మనసుతోనే కొట్టింది. తిరిగి వచ్చేటప్పుడు శాలువా అంచు పట్టి చూసింది.

"మంచి ఉన్ని అక్కా. చలికి బావకు కప్పు."

కప్పాను. మీ పెద్దనాయన ఆఖరి చలికాలం దాన్నే కప్పుకుని పోయాడు. ఆయన పోయిన రోజుల్లో ఎవరూ దగ్గరికి రాకముందు మీ అమ్మే నా పక్కన కూర్చుని నా చేతులు ఒత్తింది. ఆ చేతులనే ఒత్తింది. నేను అప్పుడైనా చెప్పాల్సింది. ఏడుస్తున్నానని ఒక సాకు దొరికింది.

తర్వాత ఆమెకు ఒంట్లో బాగలేక బిజినేపల్లి దిక్కున్న పుట్టింటికి పోయింది, అక్కడి నుంచి దవాఖానకు. నువ్వు ఫోను చేయించావు. నేను బస్సు ఎక్కాను. మిగతాది మొదట్లోనే రాయించాను. సీడు పని మానేసి ఎన్నో ఏండ్లయినా నేను ఈ గోరు పెంచుతూనే ఉన్నాను, అలవాటు. మొగ్గకు తగలకుండా ఒలిచే చెయ్యి, ఆమె చెంప దగ్గర కుదురుగా లేదు. ఆమె గోరు తీసుకో అన్నప్పుడు అందులో వేరే అర్థం ఏమీ లేదు. గీరుకుంటున్నదని చెప్పింది, అంతే. అర్థం పెట్టుకుంటే నాకే సుఖం, ఆమె నన్ను తిట్టి పోయిందనుకోవచ్చు. ఆమె తిట్టలేదు. తిట్టకుండానే దారాలు ఏరుకుని అగ్గిపెట్టెలో పెట్టుకుంది. ముళ్ళకంచె కింద ఒంగి ఒక్కొక్క ముక్క ఏరింది, సంఘం ముందరికి పోయే ముందు. నీ బడి లంగా దారాలని ఏరిందో, నేను చేసిన పని మరిచిపోకూడదని ఏరిందో నాకు చెప్పలేదు. ఈ ఒక్క సంగతి మాత్రం నాకు నిజంగానే తెలియదు.

కలం పెట్టేయి. ఇంక ఏమీ కలపకు. నువ్వు ఏడుస్తున్నావో నన్ను చూడలేక తల వంచుకున్నావో నాకు కనబడటం లేదు, కండ్లు మసక. ఏదైనా సరే, ఇక్కడి నుంచి లేచి పోయే ముందు ఒక్క పని చెయ్యి. మొదటి నుంచి గట్టిగా చదివి వినిపించు బిడ్డా. పటేల్ నన్ను అడిగిన కాడ, నేను జవాబు చెప్పిన కాడ, గొంతు తగ్గించకు. పక్కింటివాళ్ళు వింటే విననీ.